బెన్ను మట్టిలో అమైనో ఆమ్లాలు దొరికితే జీవం ఆకాశం నుంచి ఊడిపడినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెన్ను గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టిలో అమైనో ఆమ్లాలు, డీఎన్‌ఏ అక్షరాలు, చక్కెరలు దొరికాయి కాబట్టి జీవం అంతరిక్షం నుంచే వచ్చిందని తేలిపోయిందా? అలాగైతే బీఎస్సీ పుస్తకంలో చదువుకున్న, వాయువుల్లో స్పార్క్ కొట్టి అమైనో ఆమ్లాలు రప్పించిన మిల్లర్ ప్రయోగం తప్పా? మన హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్‌లో అంతరిక్ష బ్యాక్టీరియా దొరికిందంటారు, నిజమేనా? ఈ రంగంలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

నేరుగా చెప్తాను: తేలిపోలేదు. తేలిందల్లా ఒకటే. మన ఒంట్లో ఉండే అణువుల్లో చాలావాటిని తయారు చేయడానికి జీవం అక్కర్లేదు, భూమి కూడా అక్కర్లేదు. ఇంటి ముందు లారీ ఇసుక దింపిపోతే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకోం కదా, ఇదీ అంతే. మిల్లర్ ప్రయోగానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు. బెలూన్‌లో బ్యాక్టీరియా దొరికిన మాట నిజం, అవి పైనుంచి వచ్చాయని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

నేను ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి కాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి బొల్లారం, జీడిమెట్ల, పాశమైలారం వైపు ఫార్మా కంపెనీల అనలిటికల్ ల్యాబుల్లో పనిచేసినవాణ్ణి. అణువులను విడదీసి గుర్తుపట్టే హెచ్‌పీఎల్‌సీలు, మాస్ స్పెక్ట్రోమీటర్లు, కైరల్ కాలమ్‌ల మధ్యే తల నెరిసింది. ఉల్కల మీద వచ్చే పేపర్లు చదవడం మొదట్లో సరదా, ఇప్పుడు వ్యసనం. వాళ్లు అక్కడ చేసేదీ మేం ఇక్కడ చేసేదీ ఒకే పని. ఒక శాంపిల్ చేతికొచ్చింది. అందులో ఏముంది, అది ఏ దారిలో తయారైంది, మధ్యలో ఎవరి చెయ్యి తగిలింది? కాబట్టి నా జవాబు ఆ వైపు నుంచే ఉంటుంది.

ఏమేం దొరికాయో ఆ జాబితా చూసి ఆగిపోకండి, ప్రొఫైల్ చూడండి.

మా పనిలో ఒక సంగతి చెప్తాను. ఒక సప్లయర్ దగ్గర్నుంచి ఇంటర్మీడియట్, అంటే మందు తయారీలో మధ్య దశ సరుకు, వచ్చింది. ప్యూరిటీ బ్రహ్మాండంగా ఉంది. కాగితాల్లో రాసిన సింథసిస్ రూట్ ఒకటి. కానీ క్రొమటోగ్రామ్‌లో, అంటే ఏ పదార్థం ఎంతుందో చూపే గ్రాఫులో, మెయిన్ పీక్ పక్కన కనిపించీ కనిపించనట్టు చిన్న పీకులున్నాయి. మాస్ తీస్తే, ఆ రూట్‌లో పుట్టడానికి వీల్లేని ఇంప్యూరిటీలు అవి. వేరే స్టార్టింగ్ మెటీరియల్ వాడితేనే వస్తాయి. గట్టిగా అడిగితే రూట్ మార్చామని ఒప్పుకున్నారు. మెయిన్ పీక్ ఏముందో చెప్తుంది. ఎలా తయారైందో చెప్పేవి ఆ చిల్లర పీకులే.

ఇప్పుడు బెన్నుకి వద్దాం. నాసా వాళ్ల ఒసైరిస్-రెక్స్ నౌక 2020 అక్టోబరులో ఆ గ్రహశకలాన్ని తాకి 121.6 గ్రాముల మట్టి, రాళ్లు పట్టుకుంది. 2023 సెప్టెంబరు 24న ఆ డబ్బా అమెరికాలోని యూటా ఎడారిలో దిగింది. 2025 జనవరిలో బయటికొచ్చిన ఫలితాల్లో డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల్లోని ఐదు బేస్‌లూ (అక్షరాలన్నది వీటినే) ఉన్నాయి. అమైనో ఆమ్లాలు 33 ఉన్నాయి. టీవీల్లో మోగిపోయింది వాటిలో 14 గురించి, ఎందుకంటే మన ప్రోటీన్లు వాడే 20 అమైనో ఆమ్లాల్లో అవి ఉన్నాయి. మిగతా 19 గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నా కళ్లు ముందు వాటి మీదే పడ్డాయి.

జీవం ఏరుకుంటుంది. లెక్కలేనన్ని అమైనో ఆమ్లాలు సాధ్యమైనా ఓ ఇరవై పట్టుకుని వాటితోనే సంసారం లాగిస్తుంది. జీవం లేని కెమిస్ట్రీకి ఆ ఎంపిక లేదు. కార్బన్ గొలుసు నిటారుగా ఉన్నా, కొమ్మలు కట్టినా, అమైనో గ్రూపు ఆమ్లం గ్రూపు పక్క కార్బన్ (ఆల్ఫా) మీదున్నా దాని తర్వాతది (బీటా) మీదున్నా, కుదిరినవన్నీ తయారవుతాయి. బెన్నులో నైట్రోజన్ ఉన్న రసాయనాలే దాదాపు 10,000 రకాలు లెక్కకొచ్చాయి. ఇలాంటి గుంపు ఏ జీవి ఒంట్లోంచీ రాదు. అంటే "జీవపు అణువులు దొరికాయి" అని మురిసిపోతున్న ఆ శాంపిలే, ఇది జీవం చేసిన పని కాదు అని కూడా చెప్తోంది.

దీనికి పాత సాక్షి మర్చిసన్ ఉల్క. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పడింది, మొత్తం ఏరితే 100 కిలోల దాకా వచ్చింది. దానిలో అమైనో ఆమ్లాలున్నాయని 1970లోనే ప్రకటించారు, ఆ బృందంలో శ్రీలంకలో పుట్టిన సిరిల్ పొన్నంపెరుమా ఒకరు. మర్చిసన్ ప్రొఫైల్‌లో ఇంకో గుర్తు కూడా ఉంది. ఒకే వరుస అమైనో ఆమ్లాల్లో కార్బన్‌లు పెరిగేకొద్దీ మోతాదు మెట్లు దిగినట్టు తగ్గుతుంది. చిన్న అణువుకి ఒక్కో కార్బన్ తగిలిస్తూ పోతే, ప్రతి మెట్టు దగ్గరా కొంత రాలిపోతే వచ్చే వరుస అది. ఏ కెమిస్ట్‌కి చూపించినా గుర్తుపడతాడు. మన దేశంలోనూ ఇదే జాతి ఉల్క ఒకటి పడింది, 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురా పొలాల్లో.

మరి ఇవన్నీ ఎలా తయారవుతాయి? దీనికి రెండు దశలున్నాయి. వార్తలు రెంటినీ కలిపేస్తాయి.

మొదటిది చలి దశ. నక్షత్రాలు పుట్టే మేఘాల్లో ఉష్ణోగ్రత మైనస్ 263 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో రియాక్షన్ ఏమిటని అనిపించడం సహజం, ఫ్లాస్కులో అయితే ఏమీ కదలదు. అక్కడ పని జరిగేది ధూళి రేణువుల మీద. రేణువు మీద కార్బన్ మోనాక్సైడ్ మంచుగా పేరుకుంటుంది. హైడ్రోజన్ పరమాణువు వచ్చి దాని మీద పడుతుంది. అడ్డంగా ఉన్న ఎనర్జీ గోడ ఎక్కే శక్తి దానికి లేదు, కానీ అది చాలా తేలిక కాబట్టి క్వాంటం టన్నెలింగ్‌తో గోడలోంచి అవతలికి వెళ్తుంది. ఒక్కో హైడ్రోజన్ చేరుతూ పోతే ముందు ఫార్మాల్డిహైడ్, ఆ తర్వాత మిథనాల్. ఈ రెండూ కథలు కావు. ఫార్మాల్డిహైడ్‌ను 1969లో, మిథనాల్‌ను 1970లో రేడియో టెలిస్కోపులతో పట్టుకున్నారు. ప్రతి అణువూ తిరిగేటప్పుడు తనకంటూ ఉండే ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్ ఇస్తుంది, మా ల్యాబులో స్పెక్ట్రమ్ చూసి గుర్తుపట్టినట్టే వాళ్లూ గుర్తుపడతారు. ఇప్పటికి అలా దొరికిన అణువులు 300 దాటాయి. 1828లో వోలర్ ఫ్లాస్కులో చేసి ఆర్గానిక్ కెమిస్ట్రీకి తలుపు తీసిన యూరియా కూడా ఆ జాబితాలో ఉంది, 2019లో మన పాలపుంత మధ్యభాగం దగ్గరి మేఘంలో కనిపించింది.

ఆ మంచు మీద అల్ట్రావయొలెట్ పడితే ఇంకా పెద్ద అణువులు కడతాయి. 2002లో రెండు వేర్వేరు బృందాలు ల్యాబులో ఇలాంటి మంచునే చేసి, అల్ట్రావయొలెట్ కొట్టి, మిగిలిన జిగురును ఆమ్లంతో హైడ్రొలైజ్ చేస్తే, అంటే నీటితో విరగ్గొడితే, అమైనో ఆమ్లాలు వచ్చాయి.

రెండోది తడి దశ. నన్నడిగితే అసలు రుచి ఇక్కడే ఉంది. గ్రహశకలాలు పుట్టిన కొత్తలో వాటి లోపల అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక పదార్థం ఉండేది. అది వేడి పుట్టించి లోపలి మంచును కరిగించింది. నీళ్లు, అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్, ఆల్డిహైడ్ ఒకచోట చేరితే ఏమవుతుందో మీకు క్లాసులోనే చెప్పుంటారు: స్ట్రెకర్ రియాక్షన్, 1850 నాటిది. అమైనో నైట్రైల్ ఏర్పడుతుంది, అది హైడ్రోలిసిస్‌తో అమైనో ఆమ్లం అవుతుంది. బెన్ను మట్టిలో అమ్మోనియా దండిగా ఉంది. నీళ్లు ఆవిరైపోగా మిగిలే సోడా, ఉప్పు లాంటి లవణాలూ ఉన్నాయి. అంటే బెన్ను ఏ పెద్ద శకలంలోంచి విరిగిందో దాని లోపల ఒకప్పుడు ఉప్పునీళ్లు నిలిచి ఇంకిపోయాయి. నిలిచిన నీళ్లు ఇంకేకొద్దీ అందులోని సరుకు చిక్కబడుతుంది, రియాక్షన్‌కి కావలసిందీ అదే. 33 అమైనో ఆమ్లాల వార్త కన్నా నాకు ఈ లవణాల వార్తే గొప్పగా తోచింది.

ఎడమ, కుడి గొడవ. లీవోసెటిరిజిన్ బిళ్ల మీరు వేసుకునే ఉంటారు. సెటిరిజిన్‌లో రెండు అద్దపు రూపాలు సగం సగం ఉంటే, వాటిలో పనిచేసే ఒక్కదాన్ని విడదీసి అమ్మేదే లీవో. ఆ విడదీయడం ఎంత కష్టమో, ఎంత ఖర్చో మాకు తెలుసు. మామూలు ఫ్లాస్కులో మామూలు రియాక్షన్ పెడితే రెండూ సమానంగానే వస్తాయి, దాన్నే రేసిమిక్ అంటాం. జీవం మాత్రం ప్రోటీన్ల కోసం ఎల్ రూపం (ఎడమ రూపం) అమైనో ఆమ్లాలనే వాడుతుంది. ఈ పక్షపాతం ఎక్కడ మొదలైంది?

మర్చిసన్ దగ్గర ఒక ఆశ పుట్టింది. ఐసోవాలిన్ అనే అమైనో ఆమ్లంలో ఎల్ రూపం ఎక్కువగా కనిపించింది, 2009లో ఇచ్చిన కొలతల్లో 18 శాతం దాకా. ఐసోవాలిన్‌నే ఎందుకు ఎంచుకున్నారో చూడండి. భూమ్మీది జీవుల్లో అది చాలా అరుదు కాబట్టి చేతులు తగిలి వచ్చిందనే అనుమానం తక్కువ. పైగా దాని ఆల్ఫా కార్బన్ మీద హైడ్రోజన్ లేదు, కాబట్టి కోట్ల ఏళ్లు గడిచినా తేలిగ్గా రేసిమైజ్ అవ్వదు, అంటే సగం సగానికి మారిపోదు. ఇంత తెలివైన మార్కర్ మా వాలిడేషన్ ప్రోటోకాల్స్‌లో కూడా అరుదు. దాంతో, ఎడమ పక్షపాతం అంతరిక్షంలోనే మొదలై ఉల్కలతో పాటు దిగిందేమో అనుకున్నారు.

బెన్ను ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. అక్కడ ప్రోటీన్లలో లేని కైరల్ (రెండు అద్దపు రూపాలుండే) అమైనో ఆమ్లాలన్నీ రేసిమిక్‌గానో, దానికి దగ్గరగానో ఉన్నాయి. ఇది వీడియోల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. నా లెక్కలో బెన్ను ఫలితాల్లో రెండో పెద్ద వార్త ఇది. ఎడమ వైపు ఎంపిక భూమ్మీద, ఆ తర్వాతెప్పుడో జరిగిందనే వాదానికి బలం పెరిగింది, తేలిపోయిందని మాత్రం అనను. చిన్న తేడా ఉంటే దాన్ని పెంచుకుంటూ పోయే రియాక్షన్ ఉండటం సాధ్యమే. 1995లో జపాన్‌లో కెన్సో సోయాయ్ అలాంటిది చేసి చూపించారు, నామమాత్రపు తేడాతో మొదలుపెట్టి దాదాపు పూర్తిగా ఒకే రూపం వచ్చేదాకా. కానీ దానికి డైఐసోప్రొపైల్ జింక్ కావాలి. గాలి తగిలితే అంటుకునే సరుకది. ఆదిమ భూమ్మీది చెరువులో దాని ఊసే ఎత్తకూడదు.

చెయ్యి తగిలిందా? మా ల్యాబులో అమైనో ఆమ్లాల ట్రేస్ ఎనాలిసిస్ చేస్తున్నప్పుడు కొత్తగా చేరిన పిల్లలు ఎగురుకుంటూ వస్తారు, సార్ గ్లైసిన్ వచ్చింది, సెరిన్ వచ్చింది అని. బ్లాంక్, అంటే శాంపిల్ కలపని ఖాళీ ద్రావణం, ఇంజెక్ట్ చేశావా అంటాను. చేస్తే బ్లాంక్‌లో కూడా అవే ఉంటాయి. వేలిముద్రలోని చెమట అది. గ్లోవ్స్ లేకుండా వయల్ పట్టుకుంటే చాలు.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. స్టార్‌డస్ట్ నౌక వైల్డ్-2 అనే తోకచుక్క ధూళిని పట్టుకుని 2006 జనవరిలో తెచ్చింది. అందులో గ్లైసిన్‌తో పాటు ఎప్సిలాన్ అమైనో కాప్రోయిక్ ఆమ్లం కనిపించింది. అది నైలాన్-6 విరిగితే వచ్చేది. శాంపిల్ దాచిన సంచుల నైలాన్ అన్నమాట! మరి గ్లైసిన్ కూడా అంతేనా? దాన్ని తేల్చింది ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. గ్లైసిన్‌లో కార్బన్-13 భూమ్మీది ఆర్గానిక్ పదార్థాల్లో కన్నా ఎక్కువ, నైలాన్ ముక్కలో భూమి తరహాలోనే ఉంది. 2009లో అలా గ్లైసిన్ తోకచుక్కదేనని ఖాయమైంది. తర్వాత 67పి తోకచుక్క దగ్గరికి వెళ్లిన రోసెట్టా నౌక అక్కడికక్కడే గ్లైసిన్‌ను కొలిచింది, 2016లో ప్రకటించారు. అదే నక్షత్రాల మధ్య మేఘాల్లో గ్లైసిన్ దొరికిందని 2003లో వచ్చిన ప్రకటన మాత్రం 2005లో వీగిపోయింది, ఉండాల్సిన కొన్ని స్పెక్ట్రల్ లైన్లు కనపడలేదు. ఇప్పటికీ అక్కడ గ్లైసిన్ ఖాయం కాలేదు.

ఇంకో మాట. జపాన్ వాళ్ల హయబుసా-2 నౌక ర్యూగు అనే గ్రహశకలం నుంచి 2020 డిసెంబరులో 5.4 గ్రాములు తెచ్చింది, అందులో ఆర్‌ఎన్‌ఏ బేస్ యురాసిల్ దొరికింది. మాటల్లో చెప్పలేనంత జాగ్రత్తగా తెచ్చారు. అయినా లండన్‌లో ఒక ముక్కను గాల్లో తెరిచాక దాని మీద భూమ్మీది సూక్ష్మజీవులు కాపురం పెట్టాయని 2024లో తేలింది. ఉల్కలో బ్యాక్టీరియా శిలాజం అంటూ ఎవరైనా ఫోటో పెడితే ముందు ఈ ముక్కను గుర్తు చేయండి.

మిల్లర్ సంగతి. 1953లో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి స్పార్క్ కొట్టాడు, అమైనో ఆమ్లాలు వచ్చాయి. ఆయన దాచిన పాత సీసాలను కొత్త పరికరాలతో 2008లో మళ్లీ పరీక్షిస్తే 20కి పైగా బయటపడ్డాయి. ఆదిమ భూమి గాలి ఆయన అనుకున్నంత హైడ్రోజన్ మయం కాదని చాలామంది అంటారు, అది వేరే తగాదా. భూమ్మీద చేసుకున్న సరుకు, పైనుంచి దిగిన సరుకు, రెండూ కలిసి ఉండటానికి అడ్డేమీ లేదు. ఇవాళ్టికీ ఏటా సుమారు 5,200 టన్నుల సూక్ష్మ ఉల్కాధూళి నేలకు చేరుతోందని 2021లో అంటార్కిటికా మంచులో ఏరి లెక్కేశారు. తొలి రోజుల్లో ఈ దిగుమతి ఇంతకన్నా చాలా ఎక్కువే ఉండాలి.

అసలు చిక్కు సరుకు తర్వాత మొదలవుతుంది. 2025 డిసెంబరులో బెన్నులో రైబోజ్, గ్లూకోజ్ దొరికాయని వచ్చింది. రైబోజ్ ఆర్‌ఎన్‌ఏలోని చక్కెర. డీఎన్‌ఏలో ఉండే డీఆక్సీరైబోజ్ దొరకలేదు. డీఎన్‌ఏ కన్నా ఆర్‌ఎన్‌ఏ ముందు వచ్చిందనే వాళ్లకు ఇది తీపి కబురే. కానీ రైబోజ్ ఎంత సున్నితమో తెలుసా? న్యూట్రల్ పీహెచ్‌లో 100 డిగ్రీల దగ్గర అందులో సగం విరిగిపోవడానికి పట్టేది 73 నిమిషాలు. సున్నా డిగ్రీల దగ్గర 44 ఏళ్లు. భూగర్భ కాలం ముందు అది లెక్కలోకే రాదు. ఇక అమైనో ఆమ్లాలను గొలుసుగా కలిపే పెప్టైడ్ బంధం కట్టాలంటే నీటి అణువు బయటికి పోవాలి, చుట్టూ నీళ్లే ఉంటే అది ఎటు పోతుంది? అందుకే తడిసి ఎండి, మళ్లీ తడిసే చెరువుగట్ల లాంటి చోట్ల గురించి మాట్లాడతారు. గొలుసు కట్టాక అది తనలాంటి దాన్ని ఇంకోటి చేసుకోవాలి, చుట్టూ ఒక పొర ఉండాలి. ఈ మెట్లన్నీ వరుసగా, మనిషి చెయ్యి పెట్టకుండా జరిగిన ప్రయోగం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.

ఇక మన బెలూన్. టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ నడిపే నేషనల్ బెలూన్ ఫెసిలిటీ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2005 ఏప్రిల్‌లో అక్కడినుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో గాలిని స్టెరైల్ సిలిండర్లలో పట్టింది, వాటిని చల్లబరచడానికి ద్రవ నియాన్ వాడారు. శాంపిళ్లను హబ్సిగూడలోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ అనే రెండు జీవశాస్త్ర ల్యాబులు వేర్వేరుగా పరీక్షించాయి. 12 బ్యాక్టీరియా కాలనీలు, 6 శిలీంధ్ర కాలనీలు వచ్చాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా కొత్త జాతులని ఇస్రో 2009 మార్చిలో ప్రకటించింది. వాటికి ఖగోళ శాస్త్రజ్ఞుడు హోయల్, ఇస్రో, ఆర్యభట్ట పేర్లు పెట్టారు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ ఈ ప్రయత్నానికి ప్రాణం.

రెండు ల్యాబులు, వేర్వేరు చోట్ల, ఒకే శాంపిల్: ఆ పద్ధతికి నేను దండం పెడతాను. కానీ ఆ జీవులు భూమ్మీది బ్యాక్టీరియా కుటుంబాల్లోనే చక్కగా ఇమిడిపోయాయి, అదే రకం ఆర్‌ఎన్‌ఏ, అదే తరహా చుట్టరికం. ఆర్యభట్ట పేరు పెట్టుకున్నదైతే తర్వాత పొలాల మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర మామూలుగా కనిపించింది. అల్ట్రావయొలెట్‌ను బాగా తట్టుకున్నాయన్నది నిజమే, అది అంత ఎత్తులో బతకగలవని చెప్తుంది, ఎక్కడ పుట్టాయో చెప్పదు. ఇది అంతరిక్ష మూలాన్ని నిర్ధారించదని ఇస్రో ప్రకటనలోనే ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

చదువు విషయం. పేరులో "ఆస్ట్రో" ఉన్న కోర్సు కోసం ఇప్పుడే వెతుక్కోకండి. ఎంఎస్సీ ఆర్గానిక్ గానీ అనలిటికల్ గానీ గట్టిగా చేయండి. స్పెక్ట్రోస్కోపీ భయం పోవాలి, క్వాంటం మెకానిక్స్ దాటేయకూడదు, జీసీ-మాస్ మీద మీ చేత్తో శాంపిల్ రన్ చేసుండాలి. ఫిజిక్స్ వైపు మొగ్గుంటే ఉస్మానియాలో ఆస్ట్రానమీ డిపార్ట్‌మెంటు ఉంది. అంతరిక్షపు మంచును ల్యాబులో చేసి చూసే పని మన దేశంలో అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో జరుగుతోంది, సమ్మర్ ప్రాజెక్టు కోసం అక్కడి వాళ్లకు రాసి చూడండి. రాసేటప్పుడు జీవం రహస్యం ఛేదించాలని ఉంది అని రాయకండి, మీకు ఏ పరికరం నడపడం వచ్చో రాయండి.